లైనక్స్ డెస్క్‌టాప్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

తిరుపతిలో నాకు తెలిసిన నెట్ సెంటర్ల వాళ్లు, డీటీపీ షాపుల వాళ్లు, ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో ఉండి చదువుకునే పిల్లలు, ఈ మధ్య చిత్తూరు నుంచి కూడా కొందరు, అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఉబుంటు వేసుకున్నాం, బాగానే ఉంది, కానీ పని మధ్యలో స్ట్రక్ అయిపోతోంది, మౌస్ కూడా కదలదు, ఫార్మాట్ కొట్టేద్దామా?" మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు రిలీజ్ అయ్యే పొద్దున, షాపు ముందు పది మంది నిలబడి ఉన్నప్పుడు సిస్టమ్ బిగుసుకుపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. అయినా సరే, ఫార్మాట్ కొట్టొద్దు. లోపం ర్యామ్‌లోనో కరెంటులోనో ఉంటే కొత్తగా వేసిన ఓఎస్ కూడా అలాగే హ్యాంగ్ అవుతుంది, పైగా అప్పటిదాకా సిస్టమ్ రాసి పెట్టుకున్న లాగ్ మొత్తం చెరిగిపోతుంది. మనకు కావాల్సింది ఆ లాగే.

ఒక్క మాట. కమాండ్లన్నీ ఫోన్లో చెప్పినట్టు తెలుగులోనే రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. "స్పేస్" అన్నచోట ఖాళీ వదలండి, "మైనస్" అంటే చిన్న అడ్డగీత. ఉబుంటు, మింట్, డెబియన్ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను, మిగతా వాటిలో ఇన్‌స్టాల్ చేసే కమాండ్ మారుతుంది, పద్ధతి మారదు.

ఏమేం కావాలి

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను (ఇది అన్నిటికన్నా ముఖ్యం, నవ్వకండి). అదే వైఫైలో ఉన్న ఫోను గానీ ఇంకో కంప్యూటర్ గానీ. ఖాళీ పెన్ డ్రైవ్ ఒకటి. స్టార్ స్క్రూడ్రైవర్, కొత్త పెయింట్ బ్రష్. బ్యాకప్ పెట్టుకోవడానికి బయటి హార్డ్ డిస్క్. రోజూ ఒక అరగంట, ఒక రాత్రి మొత్తం సిస్టమ్ ఖాళీగా వదిలే వీలు.

1. ముందు బ్యాకప్

హ్యాంగ్ అయిన ప్రతిసారీ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపుతున్నారంటే ఫైళ్లు పాడయ్యే అవకాశం ఉంది. కారణం డిస్కే అయితే రేపు అది అసలు తెరుచుకోకపోవచ్చు. కస్టమర్ల ఫైళ్లు, ప్రాజెక్టు రిపోర్టులు, ఫొటోలు ఇవాళే బయటికి తీసి పెట్టుకోండి. ఇది అయ్యాకే రెండో అడుగు.

2. హ్యాంగ్ అయిన ఆ నిమిషంలో ఏం చూడాలి

అందరూ ఇక్కడే కంగారుపడి పవర్ బటన్ మీద చెయ్యి పెడతారు. రెండు నిమిషాలు ఆగండి. ఆ రెండు నిమిషాల్లో సగం జబ్బు తెలిసిపోతుంది.

మొదట కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతోందంటే కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) బతికే ఉంది, పైన ఉన్న డెస్క్‌టాపే పడిపోయింది. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అడిగితే మీరు అదృష్టవంతులు, అక్కడ లాగిన్ అయ్యి లోపలి నుంచే చూడొచ్చు. ఆ తర్వాత క్యాబినెట్ మీద హార్డ్ డిస్క్ లైటు చూడండి. అది ఆగకుండా వెలుగుతూ, మౌస్ పది సెకన్లకోసారి ఒక అంగుళం కదులుతోందంటే అది హ్యాంగ్ కాదు, మెమరీ నిండిపోయి డిస్క్‌తో కుస్తీ పడుతోంది.

పాట వస్తూ ఉండి తెర మాత్రం బొమ్మలా నిలిచిపోతే గ్రాఫిక్స్‌ని అనుమానించండి. పాట ఒకే ముక్క దగ్గర గర్ర్ర్ అని అరుస్తూ, క్యాప్స్ లాక్ కూడా పలక్కపోతే కెర్నల్ పూర్తిగా ఆగిపోయింది, ఎక్కువసార్లు అది హార్డ్‌వేర్ లేదా డ్రైవర్. అసలు ఆగకుండా దానంతట అదే రీస్టార్ట్ అయితే మాత్రం కరెంటు, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటు అందించే డబ్బా), వేడి, ఈ మూడింటి వైపు ముందు చూడండి.

నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, టైము, ఏం చేస్తుండగా, పైన చెప్పిన వాటిలో ఏది కనిపించింది, ఆ టైములో ఫ్యాన్, ఏసీ, ప్రింటర్, మోటారు ఏవి ఆన్‌లో ఉన్నాయి. చివరిది ఎందుకో ఏడో అడుగులో చెప్తాను.

3. పవర్ బటన్ కాకుండా ఇలా రీస్టార్ట్ చేయండి

ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ నొక్కిపట్టుకుని, ఎస్ నొక్కండి, రెండు మూడు సెకన్లు ఆగండి, తర్వాత యూ, మళ్లీ ఆగండి, చివర బి. ఎస్ అంటే మెమరీలో ఉన్నదంతా డిస్క్‌లోకి రాసేయమని, యూ అంటే డిస్క్‌ని చదవడానికి మాత్రమే పెట్టమని, బి అంటే రీబూట్. ఆర్, ఈ, ఐ కూడా కలిపి ఆరు అక్షరాలు నొక్కమని చాలామంది చెప్తారు, కానీ ఉబుంటులో మొదటి నుంచి ఉండే సెట్టింగ్ 176, అంటే 128, 32, 16 కలిపితే వచ్చేది, అందులో ఈ చివరి మూడింటికే అనుమతి ఉంది. ఆ మూడు చాలు.

దీని వల్ల ఇంకో లాభం. లాగ్ రాసే జర్నల్ మామూలు సందేశాలను ఐదు నిమిషాలకోసారి మాత్రమే గట్టిగా డిస్క్‌కి చేరుస్తుంది. పవర్ బటన్‌తో చంపేస్తే ఆ చివరి నిమిషాలు పోతాయి, మనకు కావాల్సింది సరిగ్గా అవే. ఎస్ నొక్కితే అవి మిగిలే అవకాశం ఉంది.

ఇది కూడా పని చేయకపోతే పవర్ బటనే గతి. అదీ నోట్‌బుక్‌లో రాయండి.

4. లాగ్ చదవడం

రీస్టార్ట్ అయ్యాక టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి: సుడో, స్పేస్, జర్నల్‌సీటీఎల్ (జర్నల్ అనే మాటకు సీ, టీ, ఎల్ అతికించి), స్పేస్, మైనస్ బి, స్పేస్, మైనస్ 1, స్పేస్, మైనస్ ఈ. మైనస్ 1 అంటే ఇంతకు ముందు బూట్. చాలామంది ఇది మర్చిపోయి ఇప్పటి బూట్ లాగ్ చూసి, ఏమీ లేదన్నా అంటారు. హ్యాంగ్ అయ్యాక రెండుసార్లు రీస్టార్ట్ చేసి ఉంటే మైనస్ 2 అని పెట్టాలి.

చివరి యాభై అరవై లైన్లు చూడండి. ఎర్ర రంగులో కనిపించిన ప్రతిదీ చూసి భయపడొద్దు, బాగున్న సిస్టమ్‌లో కూడా బ్లూటూత్, ఏసీపీఐ ఎర్రర్లు ఉంటాయి. మనం వెతకాల్సిన మాటలు కొన్నే. "అవుట్ ఆఫ్ మెమరీ" కనిపిస్తే ఐదో అడుగు. "జీపీయూ హ్యాంగ్", "ఎక్స్‌ఐడీ", "రింగ్ టైమవుట్" లాంటివి ఉంటే ఆరో అడుగు. "హార్డ్‌వేర్ ఎర్రర్", "మెషీన్ చెక్" అని ఉంటే ఏడు, ఎనిమిది. "ఐ/ఓ ఎర్రర్", "హార్డ్ రీసెట్టింగ్ లింక్" అని ఉంటే తొమ్మిది. "సాఫ్ట్ లాకప్" అంటే ప్రాసెసర్ కోర్ ఒకటి ఎక్కడో ఇరుక్కుపోయింది, దాని కింద ఉండే లైన్లలో ఏ డ్రైవర్ పేరు ఉందో రాసుకుని పదో అడుగుకు పోండి.

ఏమీ లేదనుకోండి, మామూలు సందేశాలు వస్తూ వస్తూ టక్కున ఆగిపోయాయి. అదీ ఒక జవాబే. రాసుకునేంత వ్యవధి కూడా దొరకలేదంటే కరెంటు, ర్యామ్, మదర్‌బోర్డు వైపు అనుమానం పెరుగుతుంది.

అలాంటప్పుడు ఫోను వాడండి. సిస్టమ్‌లో సుడో, స్పేస్, ఏపీటీ, స్పేస్, ఇన్‌స్టాల్, స్పేస్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ సర్వర్ అని కొట్టి పెట్టుకోండి (బయటి నుంచి సిస్టమ్‌లోకి లాగిన్ అవడానికి ఇది దారి). ఫోన్లో టెర్మక్స్ లాంటి యాప్‌తో సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యి, సుడో, స్పేస్, డీమెస్గ్ (డీ, ఎం, ఈ, ఎస్, జీ), స్పేస్, మైనస్ డబ్ల్యూ అని వదిలేయండి. కెర్నల్ మాట్లాడే ప్రతి మాటా ఫోన్ తెర మీద పడుతుంటుంది. సిస్టమ్ బిగుసుకుపోయినా చివరి మాట ఫోన్లో మిగులుతుంది, ఫొటో తీసుకోండి. తెర ఆగినా ఫోన్లో నుంచి ఇంకా కమాండ్లు పని చేస్తున్నాయంటే లోపం గ్రాఫిక్స్‌లో ఉందని దాదాపు తేలిపోయినట్టే.

5. మెమరీ నిండిపోవడం

4 జీబీ ర్యామ్ సిస్టమ్‌లో క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, పక్కన లిబ్రే ఆఫీస్, ఇంకో పక్క వాట్సాప్ వెబ్. ఇది నేను చూసే కేసుల్లో చాలా మామూలు. ఫ్రీ, స్పేస్, మైనస్ హెచ్ అని కొట్టండి. "ఫ్రీ" అనే గడి తక్కువగా ఉందని కంగారు పడొద్దు, లైనక్స్ ఖాళీ ర్యామ్‌ని ఊరికే ఉంచదు. చూడాల్సింది "అవైలబుల్" గడి. అది రెండు మూడు వందల ఎంబీకి పడిపోయి, కింద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) కూడా నిండుతోందంటే దొరికినట్టే.

అసలు పరిష్కారం ఇంకో ర్యామ్ స్టిక్. వెంటనే డబ్బు పెట్టలేకపోతే ఎర్లీఓఓఎం అనే చిన్న ప్యాకేజీ వేసుకోండి, మెమరీ, స్వాప్ రెండూ పది శాతం కంటే దిగితే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్‌ని ముందే మూసేస్తుంది. ఒక ట్యాబ్ పోతుంది, సిస్టమ్ నిలబడుతుంది.

6. గ్రాఫిక్స్

లాగిన్ తెర మీద పాస్‌వర్డ్ కొట్టే ముందు మూలన పళ్లచక్రం గుర్తు ఉంటే నొక్కి, వేలాండ్ బదులు ఎక్స్ఆర్గ్ (రెండూ తెర మీద బొమ్మ చూపించే పద్ధతులే) ఎంచుకుని రెండు మూడు రోజులు వాడండి. కొన్ని కొత్త వెర్షన్లలో ఆ ఎంపిక ఉండదు, లేకపోతే వదిలేయండి. ఎన్విడియా కార్డు ఉంటే, ఉబుంటులో "సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్"లో "అడిషనల్ డ్రైవర్స్" తెరవండి. నూవో డ్రైవర్ (ఎన్విడియా కంపెనీది కాని ఉచిత డ్రైవర్) మీద నడుస్తుంటే, రికమెండెడ్ అని చూపించే ఎన్విడియా డ్రైవర్‌కి మార్చి చూడండి. మార్చాక తెర నల్లగా వస్తే భయం వద్దు, బూట్ మెనూలో రికవరీ మోడ్ నుంచి వెనక్కి తీసేయొచ్చు.

బ్రౌజర్‌లో వీడియో చూస్తుంటేనే హ్యాంగ్ అవుతోందా? బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. బూట్ లైనులో నోమోడ్‌సెట్ అనే మాట పెడితే సరిపోయిందని అలాగే వదిలేసేవాళ్లు ఉన్నారు. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టడమే తప్ప బాగు చేయడం కాదు, పరీక్షకు మాత్రమే వాడండి.

7. వేడి, దుమ్ము, కరెంటు

మన దగ్గర ఈ అడుగు ఎవరూ దాటేయకూడదు. మే నెలలో తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, రేకుల కప్పు కింద ఉన్న షాపు సంగతి చెప్పక్కర్లేదు. ఎల్ఎం మైనస్ సెన్సర్స్ అనే ప్యాకేజీ వేసి, సెన్సర్స్ అని కొట్టండి. పని చేస్తున్నప్పుడు ప్రాసెసర్ 80 వరకు పోయినా పర్లేదు, 95 దగ్గర తిరుగుతోందంటే మూత తీయాల్సిందే. ప్రాసెసర్ వేడెక్కితే సాధారణంగా ముందు నెమ్మదిస్తుంది, ఇంకా ఎక్కితే ఆరిపోతుంది. కానీ గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు మీద కరెంటు సరఫరా చేసే భాగాలు వేడెక్కితే అచ్చం హ్యాంగ్ లాగే ఉంటుంది.

ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకి, అప్పుడు తెరవండి. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులపండి. రోజూ దేవుడి పటం ముందు అగరొత్తులు వెలిగించే షాపుల్లో దుమ్ము పొడిగా ఉండదు, పొగ జిడ్డుతో కలిసి హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దుప్పటి ముక్కలా అతుక్కుని ఉంటుంది. ఫ్యాన్ విప్పితే తప్ప కనపడదు. పైపైన ఊది మూసేయకండి. మదర్‌బోర్డు మీద పొట్టి డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో కూడా చూడండి, ఉబ్బితే బోర్డు పని అయిపోతున్నట్టు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

ఇక కరెంటు. తిరుపతి కొర్లగుంటలో ఒక డీటీపీ షాపులో సిస్టమ్ నెల రోజులు వేధించింది. లాగ్‌లో ఏమీ లేదు. నేను రెండుసార్లు కెర్నల్ మార్చాను, ర్యామ్ ఒక రాత్రంతా పరీక్షించాను, ఏమీ దొరకలేదు. నోట్‌బుక్ పెట్టమన్నాను. పది రోజులకు ఎనిమిది గీతలు పడ్డాయి, అందులో ఏడింటి పక్కన షాపులో పని చేసే అమ్మాయి గుండ్రటి అక్షరాలతో "ప్రింట్ ఇచ్చిన వెంటనే" అని రాసింది. బల్ల కింద వంగి చూస్తే చిన్న యూపీఎస్, దాని వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డు, అందులోనే సీపీయూ, మానిటర్, లేజర్ ప్రింటర్. లేజర్ ప్రింటర్ కాగితం మీద పొడిని కరిగించడానికి లోపలి హీటర్‌ని వేడి చేసేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. ప్రింట్ ఇచ్చి పైకి చూశాను, ట్యూబ్‌లైటు కూడా ఒక్క క్షణం మసకబారింది. ప్రింటర్ ప్లగ్ పీకి గోడ సాకెట్‌లో పెట్టాం, అంతే. తర్వాత మూడు వారాలు ఆ నోట్‌బుక్‌లో ఒక్క గీత పడలేదు.

అందుకే, లేజర్ ప్రింటర్ ఎప్పుడూ యూపీఎస్ మీద వద్దు. కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారే క్షణంలో హ్యాంగ్ అవుతుంటే యూపీఎస్ బ్యాటరీ ముసలిదై ఉంటుంది. ఇంకో షాపు నుంచి మంచి ఎస్‌ఎంపీఎస్ రెండు రోజులు అడిగి తెచ్చి మార్చి చూడండి, కొనే ముందు అదే సరైన పరీక్ష.

8. ర్యామ్

పెన్ డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ వేసి దాని నుంచి బూట్ చేయండి. ఆరో వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) సిస్టమ్‌లలో కూడా నడుస్తుంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రామ్‌ని బూట్ కానివ్వని సెట్టింగ్) అడ్డుపడితే బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్ తెర) తాత్కాలికంగా ఆపండి. రాత్రి పెట్టి పొద్దున చూడండి. ఒక్క పాస్ బాగా వచ్చిందని సంతోషపడి ఆపేయొద్దు, కనీసం నాలుగైనా తిరగనివ్వండి. ఎర్ర లైను ఒక్కటి వచ్చినా అది లోపమే, "ఒక్కటే కదా" అనడానికి లేదు.

లోపం వస్తే ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లని మెత్తటి రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, క్లిప్పులు టక్‌మని పడేదాకా నొక్కి మళ్లీ పరీక్షించండి. మళ్లీ వస్తే ఒక్కొక్క స్టిక్ విడిగా, తర్వాత స్లాట్ మార్చి. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే ఆపి కూడా ఒకసారి చూడండి.

9. డిస్క్

స్మార్ట్‌మోన్‌టూల్స్ ప్యాకేజీ వేసి, సుడో, స్పేస్, స్మార్ట్‌సీటీఎల్, స్పేస్, మైనస్ ఏ, స్పేస్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ. పైన "పాస్డ్" అని చూసి మూసేయకండి, అది చాలాసార్లు చివరి దాకా పాస్డ్ అనే చెప్తుంది. కిందికి వచ్చి 5, 197 నంబర్ల వరసలు చూడండి, చివరి గడిలో సున్నా కాకుండా అంకె ఉండి, వారం వారం పెరుగుతుంటే డిస్క్ మార్చాలి. 199 పెరుగుతుంటే ఎక్కువసార్లు డిస్క్ కాదు, సాటా కేబుల్ (డిస్క్‌ని బోర్డుకి కలిపే వైరు). కేబుల్ చాలా తక్కువ ఖర్చు, ముందు అదే మార్చండి. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లో (మదర్‌బోర్డులోకే నేరుగా దిగే ఎస్‌ఎస్‌డీ) ఈ నంబర్లు ఉండవు, "మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్" సున్నా ఉండాలి.

10. కెర్నల్, ప్రాసెసర్ నిద్ర

అప్‌డేట్ తర్వాతే మొదలైందా? బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టండి (కొత్త సిస్టమ్‌లలో ఎస్కేప్ తట్టండి), "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లో పాత కెర్నల్ ఎంచుకోండి. దాని మీద నిలబడితే జవాబు దొరికినట్టే.

పని చేస్తున్నప్పుడు బాగుండి, ఊరికే వదిలేస్తే హ్యాంగ్ అయ్యే సిస్టమ్‌లు వేరే జాతి, పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రలోకి జారే చోటే వాటి ఇబ్బంది. 2017లో వచ్చిన మొదటి తరం రైజెన్ అయితే బయోస్‌లో "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్"ని "టిపికల్ కరెంట్ ఐడిల్" చేయండి. చిన్న షాపుల్లో ఇంకా కనిపించే జే1800, జే1900 సెలెరాన్ బోర్డులైతే బూట్ మెనూలో ఈ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైను చివర ఒక స్పేస్ ఇచ్చి, ఇంటెల్ అండర్‌స్కోర్ ఐడిల్ చుక్క మ్యాక్స్ అండర్‌స్కోర్ సీస్టేట్ ఈక్వల్స్ 1 అని మధ్యలో స్పేస్ లేకుండా చేర్చి, ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే ఉంటుంది, తప్పు కొట్టినా రీస్టార్ట్ చేస్తే పోతుంది. పని చేసిందని తేలాకే గ్రబ్ ఫైల్‌లో (బూట్ మెనూ సెట్టింగ్స్ ఉండే ఫైల్) రాసి శాశ్వతం చేయండి.

బయోస్ అప్‌డేట్ చివరి మందు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోతుంది, మంచి యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది, ఒకేసారి మూడు మార్పులు చేయడం. డ్రైవర్ మార్చి, దుమ్ము దులిపి, కెర్నల్ కూడా మార్చేస్తే ఏది పని చేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక మార్పు, ఒక తేదీ, నోట్‌బుక్‌లో ఒక లైను. రెండోది, ఎవరో ఎక్కడో ఇచ్చిన నాలుగైదు కెర్నల్ పారామీటర్లు అర్థం కాకుండా ఒక వరసలో అతికించడం. వాళ్ల బోర్డు వేరు, మీ బోర్డు వేరు.

బాగయిందని ఎలా తెలుస్తుంది

ఒక పూట హ్యాంగ్ కాలేదంటే బాగైనట్టు కాదు. ఇంతకు ముందు ఎన్ని రోజులకోసారి వచ్చేదో నోట్‌బుక్‌లో చూసి, దానికి మూడింతలు ఆగండి. రెండు రోజులకోసారి వచ్చేదైతే ఆరు రోజులు, వారానికోసారి అయితే మూడు వారాలు. ఆ రోజుల్లో సిస్టమ్‌ని మామూలుగానే వాడండి, భయపడి తక్కువ వాడితే పరీక్ష చెల్లదు. తొందరగా తేల్చుకోవాలంటే స్ట్రెస్ మైనస్ ఎన్‌జీ ప్యాకేజీతో అరగంట ప్రాసెసర్‌ని పరిగెత్తించి పక్క కిటికీలో సెన్సర్స్ చూడండి, కానీ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే హ్యాంగ్‌కి ఈ పరీక్ష పనికిరాదు. చివరగా పాత కారణాన్ని కావాలని ఒకసారి వెనక్కి తెచ్చి చూడండి, అంటే ప్రింటర్‌ని మళ్లీ యూపీఎస్‌లో పెట్టి ప్రింట్ ఇవ్వడం లాంటిది, అన్నీ సేవ్ చేసుకున్నాకే. మళ్లీ హ్యాంగ్ అయితే కారణం అదేనని ఖాయం.

పదీ చేసినా తేలకపోతే, ఎవరినైనా అడిగేటప్పుడు "హ్యాంగ్ అవుతోంది" అని మాత్రమే చెప్పకండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు పేర్లు, కెర్నల్ వెర్షన్, లాగ్ చివరి అరవై లైన్లు, క్యాప్స్ లాక్ వెలిగిందో లేదో, ఇప్పటిదాకా ఏమేం మార్చారో, ఇవన్నీ ఉన్న నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి పంపండి.